పాలకొల్లులో విత్తనముల వేసవి

వైశాఖము ముగియు దినములలో గోదావరి పడమటి డెల్టాను చూడగోరి వచ్చు యాత్రికులు మిక్కిలి అరుదు. కార్తికమున పంచారామ దర్శనార్థమై వచ్చువారు పండి వంగిన సార్వా కంకులను, సంక్రాంతికి పుట్టిండ్లకు వచ్చువారు దాళ్వా నాట్లు పడుచున్న చేలను, రెండు కాలములందును గట్టులొరసి పారు కాలువలను చూచి, ఈ సీమకు అదియే నిత్యరూపమని తలంచి మరలిపోవుదురు. దాళ్వా కోతలు ముగిసి, మరమ్మతులకై కాలువలు కట్టివేయబడి, వాని అడుగున నల్లని ఒండ్రు పలకలు పలకలుగ పగిలి, మోళ్ళెండిన చేలలో గొర్రెలమందలు తిరుగు ఈ వేసవి దినములు ఎవ్వరి కంటికిని ఆనవు. నాకు మాత్రము ఈ కాలమే డెల్టాకు ప్రాణసంధిగ తోచును. ఏలయన ఒక పంట ఇల్లు చేరి, వేరొక పంట ఇంకను నేలకు చేరక, సీమ యావత్తును విత్తనరూపమున గోనెసంచులలో నుండు కాలమిది.

ఈ యేడు ఆ కాలముననే నేను పాలకొల్లు పోవుటకు కారణము మా మేనకోడలు. విశాఖపట్టణమున వృక్షశాస్త్రములో ఎం.ఎస్సీ. చదువుచున్న ఆ పిల్ల, వేసవి సెలవులలో మారుటేరు వరి పరిశోధనా స్థానమున శిక్షణకు చేరి, పాలకొల్లులో మా దూరపు బంధువుల ఇంట బసచేసి, ప్రతిదినమును తెల్లవారగనే బస్సెక్కి పోయి వచ్చుచుండెను. వేసవి పరిశోధన యన్నంతనే నేటి విద్యార్థుల చూపు బెంగుళూరు, పుణె, హైదరాబాదు నగరముల వైపు మరలును. దేశమునందలి మూడు విజ్ఞాన అకాడమీలు కలసి యేటేట విద్యార్థులను ఎంపికచేసి, రెండు మాసములపాటు శాస్త్రజ్ఞుల కడ పనిచేయుటకు పంపు ఏర్పాటొకటి చిరకాలముగ నడచుచున్నది, మేలైన ఏర్పాటు. ఆమె సహాధ్యాయులలో పలువురు అట్టి ప్రయోగశాలలకే పోయిరి. ఈమె మాత్రము, "వరి మీద పనిచేస్తాను మామయ్యా, అదీ వరి పండే చోటే చేస్తాను" అని పట్టుపట్టెను. చిరకాలము వృక్షశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొనిన నాకు ఆ మాట చెవికింపుగ నుండుటయే గాక, ఆ పనిని కన్నులార చూడవలెనను కోరికయు పుట్టెను.

రాజమహేంద్రవరమున రైలెక్కి వారధి దాటునప్పుడు గోదావరి నీరు దిగి, ఇసుకతిన్నెలు బయల్పడి, ఎండకు కన్ను చెదరునట్లుండెను. దిగువను ధవళేశ్వరము కడ 1847లో పని మొదలై 1852లో ముగిసిన కాటన్ దొర ఆనకట్టయు, దాని స్థానమున 1982లో సిద్ధమైన నేటి బ్యారేజియు లేకున్నచో నేను పోవు సీమ వేరొక విధముగ నుండెడిదని ఎరుగని తెలుగువాడు లేడు గనుక ఆ కథను ఇచ్చట విస్తరింపను. నిడదవోలు కడ బండి పెద్దదారిని విడిచి దక్షిణమునకు తిరిగినది మొదలు నేల అరచేయివలె చదునై పోవును. తణుకు, అత్తిలి, భీమవరము, వీరవాసరము, లంకలకోడేరు: ప్రతి స్టేషను వెనుకను గడ్డిమేటులు, కొబ్బరితలలు, ఎండిన చేపలచెరువుల గట్లు.

నాకెదుట కూర్చున్న రైతొకడు కాళ్ళ నడుమ చిన్న గోనెసంచిని పదిలముగ పెట్టుకొని, ఎవరైన కాలు తగిలించినచో తొలగమని చేసైగ చేయుచుండెను. అది విత్తనమని గ్రహించి, ఏ రకమని యడిగితిని.

"పదకొండు ఇరవయ్యొకటండి. దాళ్వాలో మా బావమరిది చేలో తీసిందండి. సార్వాకి మా ఎగువ చేలో పోద్దారని పట్టుకెళ్తన్నాను. మొలకే చూసుకోవాలండి. కొత్తిత్తనం కదా, ఇంకా పడుకునుంటాది."

మేము గ్రంథములలో ఒక అధ్యాయముగ చదివి, చదివించి, ప్రశ్నపత్రమున ఐదు మార్కులకిచ్చి ముగించెడి విషయమును ఆ రైతు తన ఇంటిలోని పసివానిని గూర్చి చెప్పినంత చనువుగ చెప్పెను. అంతకు మించి విశేషమేమనగా, మా మేనకోడలికి ఆ వేసవిలో అప్పగింపబడిన పరిశోధన సరిగ అదియే: దాళ్వాలో కోసిన వరివిత్తనము ఎన్నాళ్ళు నిద్రించును, ఎప్పుడు మేల్కొనును, మేల్కొలుపుటకు ఉపాయమేది యనునది.

పాలకొల్లును గూర్చి చెప్పకుండ మారుటేరుకు పోరాదు. క్షీరారామ గోపురము ఊరికి దూరముననే కనబడును. తొమ్మిది అంతస్తుల ఆ రాజగోపురము క్రింద నిలిచి తలయెత్తి చూచువానికి మెడ నొప్పి పుట్టక మానదు. పాలకై యేడ్చిన ఉపమన్యుడను బాలునకు పరమశివుడు క్షీరధారను ప్రసాదించెనని ఇచ్చటి స్థలపురాణము. లింగము తెల్లనిది. ఊరిలో 17వ శతాబ్దమున డచ్చివారు వర్తకస్థానము నెలకొల్పి బట్టల వ్యాపారము చేసిరి; సమీపమున నరసాపురము చెంత ఆంగ్లేయులు మాధవాయిపాలెమున దిగిరి; ఆ గ్రామనామముతో ఒక జాతి వస్త్రము ఐరోపా అంగళ్ళలో చిరకాలము చెలామణి యాయెను. ఆ నేత వ్యాపారము పోయినది. మిగిలినది, పెరిగినది కొబ్బరి.

కొబ్బరి బజారును నేను సాయంసమయమున చూచితిని. గుట్టలు గుట్టలుగ పోసిన కాయల నడుమ, నేలలో నిలువుగ పాతిన ఇనుపమొనపై వలుపుకూలీలు కాయను గ్రుచ్చి, మణికట్టు త్రిప్పినంతనే పీచు మూడు చీలికలై ఊడి పడుచుండెను. గుట్ట తరుగుచున్నకొలది ప్రక్కన లారీ నిండుచుండెను. ఈ కాయలు ఉత్తరాది గుడులకును పెండ్లిండ్లకును పోవునని అందరెరిగినదే. విద్యార్థులు సయితము పెక్కురు ఎరుగనిది వేరొకటి గలదు. లేతబొండములోని నీరు కేవలము నీరు గాదు. అది కొబ్బరిపిండమునకై తల్లిచెట్టు కూర్చియుంచిన ద్రవాహారము. దానియందు అసంఖ్యాకములైన కేంద్రకములు గోడలు లేక తేలియాడుచుండి, క్రమముగ చిప్పనంటి గోడలు కట్టుకొని తెల్లని కొబ్బరియగును. 1941లో అమెరికాలో వాన్ ఓవర్‌బీక్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఉమ్మెత్తజాతి మొక్కల పసిపిండములను విత్తనమునుండి వేరుచేసి గాజుపాత్రలలో పెంచజూచి, ఎట్టి లవణములకును చక్కెరలకును అవి పెరుగకుండుట కని, తుదకు కొబ్బరినీటిని చేర్చి పెంచగలిగిరి. పిదప కార్నెల్ విశ్వవిద్యాలయమున స్టీవార్డ్ అదే నీటితో క్యారెట్ కణములను పెంచి, 1958 నాటికి వానినుండి సంపూర్ణమైన మొక్కలను రాబట్టెను. కణములను విభజింపజేయు ద్రవ్యముల అన్వేషణకు ఈ నీరు ఊతమిచ్చినది. నేడు అరటి మొక్కలను, ఆర్కిడ్ పూలమొక్కలను సీసాలలో పెంచు విద్యకు ఈ ప్రయోగములు పునాదులు. పాలకై యేడ్చిన బాలుని కథ వినిపించు ఊరిలో, తల్లినుండి వేరైన పిండమును పోషించు నీరు బండ్లకెత్తబడుచుండుట చూచి నాకు మిక్కిలి సంతోషమాయెను. మా మేనకోడలికి ఈ సంగతి చెప్పగా, "ఆ బొండం ఒకటి ముందు మీరు తాగండి మామయ్యా, మొహం వాడిపోయింది" అనెను.

మరునాటి ఉదయము ఇరువురమును మారుటేరు పోయితిమి. పాలకొల్లునుండి పెనుగొండ పోవు బాటపై అది దగ్గరి ప్రయాణమే. రోళ్ళు పగులు రోహిణీకార్తె యగుటచే ఎనిమిది గంటలకే బస్సు కిటికీ ఊచలు కాలుచుండెను. దారిపొడుగున తాటిముంజెలమ్మువారు చెట్లనీడల కూర్చుండిరి. అంతకు ముందే ఇంట దిబ్బరొట్టెయు చెరకుపానకమును పుష్కలముగ వడ్డింపబడుటచే ముంజెల కొరకు బస్సు దిగవలెనను కోరికను నిగ్రహించుకొంటిని.

మారుటేరు పరిశోధనా స్థానము 1925లో పుట్టినది. అక్కుళ్ళు, ఆట్రగడలు, కృష్ణకాటుకలు మున్నగు పూర్వపు వరులు ఈ సీమను పోషించుచుండిన దినములలో, వానినుండి మేలైన కంకులను ఏరి, తరతరముగ పరీక్షించి, శుద్ధమైన విత్తనమును రైతునకిచ్చుటతో దీని పని మొదలాయెను. నేడిది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయములోనిది. ఊరి ఆంగ్లనామమునందలి మూడక్షరములు ఎం.టి.యు. అని ముందు చేరి, వెనుక ఒక సంఖ్యతో వెలువడిన వరిరకములు తెలుగునాటనే గాక, వంగ, ఒడిశా, జార్ఖండు, ఛత్తీసుగఢ్ రాష్ట్రములలోను, పొరుగుదేశమైన బంగ్లాదేశునందును కోట్ల కంచములలోనికి చేరినవి. వానిలో మిన్న 7029. 1982లో వెలువడి స్వర్ణయను పేర ప్రసిద్ధి కెక్కినది. ఆనకట్ట క్రొత్తరూపు దాల్చిన యేడును, స్వర్ణ వెలువడిన యేడును ఒకటియే యగుట కాకతాళీయమే యైనను, నీరును విత్తనమును జోడుగ వచ్చిన ఆ సంవత్సరమును డెల్టావాసులు తలంచుకొనవలసినదే.

స్వర్ణ తల్లిదండ్రులలో ఒకటి వసిష్ఠ. నరసాపురము ప్రక్కగ సముద్రమున కలియు గోదావరి పాయ పేరే దానికిని పేరు. రెండవది మసూరి. ఈ మసూరి మలేషియాలో రూపొందిన వరి. కటక్ నగరము కేంద్రముగ ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన ఇండికా, జపానికా సంకర ప్రయత్నములలోని ఫలము. మలయా వరియు తైవాను వరియు కలసి పుట్టిన మసూరి సముద్రము దాటి వచ్చి, మారుటేరున స్వర్ణకును, బాపట్లలో సాంబమసూరికిని జన్మనిచ్చెను. మన అన్నము కేవలము మన ఊరిదని గర్వించువారికి ఈ వంశవృక్షమును చూపవలెను. గర్వము తగ్గదు, విశాలమగును.

ఈ స్థానమునుండియే 2000 సంవత్సర ప్రాంతమున వెలువడిన 1010 రకమునకు కాటన్‌దొర సన్నాలని పేరిడిరి. గోదావరి తీరమున విగ్రహములు పొందిన దొర, ఈ విధమున ప్రతి యేడును నారుమడిలో మొలకెత్తుచుండుట ఆయన కీర్తికి తగిన రీతియని నా యభిప్రాయము.

ప్రయోగశాల నేననుకొనినంత పెద్దది కాదు. గోడవెంట పొడవైన బల్ల, కిటికీచెంత ఉష్ణోగ్రతను నిలుపు పెట్టె, గుడ్డసంచులలో చీటీలు కట్టిన విత్తనములు. మా మేనకోడలు చేతులు కడుగుకొని, మూతపెట్టిన గాజుపళ్ళెములను ఒక్కొక్కటిగ వెలికితీసెను. ఒక్కొక్క పళ్ళెమున తడిపిన వడపోత కాగితముపై పదేసి గింజల వరుసలు పది. ఒక్కొక్క రకమునకు అట్టి పళ్ళెములు నాలుగు. శ్రావణముతో గింజను కదల్పక, దీపమునకు వాలుగ పళ్ళెమును పట్టి, తొలివేరు పొట్టు చీల్చుకొని వచ్చినదా లేదా యని చూచి, వచ్చినదానిని తీసివేసి, పుస్తకమున గీత గీయును. వరికి ఐదవనాడు తొలిలెక్క, పదునాలుగవనాడు తుదిలెక్క యని ప్రపంచమంతట పాటించు నియమము. ఆదివారమైనను పండుగయైనను లెక్క తప్పరాదు. కోసిన తరువాత ప్రతి వారమును క్రొత్త గింజలతో ఈ తంతు మరల మొదలు.

ఒక పళ్ళెమున గింజలు దాదాపు అన్నియు మొలకెత్తి, తెల్లని వేరులు కాగితముపై అల్లుకొనియుండెను. దాని ప్రక్కది, అదే నెలలో కోసినదే, రకము మాత్రము వేరు. అందు అచ్చటచ్చట తప్ప మొలక లేదు. నేను, "ఇది చెడిన విత్తనమా?" అని యడిగితిని.

"అదే తేల్చాలి మామయ్యా. మొలవలేదంటే చచ్చిపోయిందని కాదు. రండి చూపిస్తాను."

ఆమె మొలవని గింజలను కొన్నిటిని తీసి, పొట్టొలిచి, పదునైన బ్లేడుతో పిండము నడుమగ నిలువున చీల్చి, ఒక చిన్న సీసాలోని వర్ణరహితమైన ద్రావణములో వేసి, చీకటిలో నుంచెను. టెట్రజోలియమను లవణపు ద్రావణమది. ప్రాణమున్న కణము ఊపిరిపీల్చునప్పుడు పనిచేయు ఎంజైములు ఆ లవణమును మార్చి ఎర్రని రంగుగ చేయును. ప్రాణములేని చోట రంగు రాదు. కొంతసేపటికి ఆమె సీసాను వెలుతురునకు తెచ్చి, గింజ సగములను తెల్లని పింగాణిపలకపై పరచి, కటకము నా చేతికిచ్చెను. బియ్యపుభాగము తెల్లగనే యున్నది. దాని మూలనున్న ఆవగింజలో సగమైనను లేని పిండము మాత్రము దానిమ్మగింజ రంగున మెరయుచున్నది. వేరు కొన, మొలక కొన, వాని ప్రక్కనున్న డాలువంటి భాగము, అన్నియు ఎర్రన. వారములకొలది తడిలో నుంచినను కదలని గింజ, లోపల సంపూర్ణముగ సజీవమై యుండెను. ఎన్నియో యేండ్లు ఈ పరీక్షను నల్లబల్లపై వ్రాసి చెప్పితిని. మా కళాశాలలో ఆ లవణము కొనుటకు నిధులుండెడివి కావు గనుక ఎన్నడును చేసి చూపింపలేదు. ఆనాడు మారుటేరున, నా విద్యార్థుల యీడు పిల్ల నాకు చూపెను.

ఈ నిద్ర యేల యను ప్రశ్నకు సమాధానము ప్రయోగశాలలో కంటె డెల్టా ఆకాశమున దొరకును. సార్వా వరి పండి కోతకు వచ్చునది అక్టోబరు, నవంబరు మాసములలో. బంగాళాఖాతమున తుపానులు పుట్టునదియు అప్పుడే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన పెనుగాలి, ఈ రెంటిని ఈ సీమ పెద్దలు తేదీలతో సహా చెప్పుదురు. అంతటి ప్రళయము గాకున్నను, రెండుమూడు దినముల ముసురు చాలును: పైరు పడిపోయి, కంకి నీట నాని, నిద్రలేని గింజ కంకిమీదనే మొలకెత్తును. మొలకెత్తిన గింజలో పిండిపదార్థము చక్కెరగ మారుటచే బియ్యము మరలో నూకయగును, రంగు చెడును, విత్తనమునకు అసలే పనికిరాదు. కోతకు వచ్చిన గింజకు రెండుమూడు వారముల నిద్రయున్నచో, నీరు తీసి, కంకులారబెట్టి, రైతు కొంత దక్కించుకొనగలడు. కావుననే మారుటేరు శాస్త్రజ్ఞులు క్రొత్త రకమును ఎంచునపుడు దిగుబడిని, సుడిదోమను తట్టుకొను శక్తిని చూచినట్లే, గింజ నిద్రను సయితము చూతురు.

అయితే నిద్ర మితిమీరినను చేటే. దాళ్వా పంటను ఏప్రిలులో కోసి, ఆ గింజనే జూనులో సార్వా నారుమడికి వాడగోరు రైతునకు నడుమ మిగులు వ్యవధి కొద్ది వారములు మాత్రమే. అప్పటికిని మేల్కొననిచో నారు పలుచనై, మరల విత్తనము కొనవలసి వచ్చును. నవంబరులో రక్షించిన గుణమే జూనులో రైతును ఏడిపింపవచ్చును. ఎంత నిద్ర చాలును, ఎంత అధికము, అది రకమును బట్టి మారునా, గింజ పాలుపోసుకొనినది మొదలు పండువరకు పడిన ఎండను, తేమను బట్టి మారునా యని తేల్చుటకే ఆ పళ్ళెములు, ఆ గీతలు.

పురాణములలో మునులు ఆశ్రమములకడ నివ్వరి ధాన్యమును భుజించిరని చదువుదుము. అది విత్తకయే మడుగులలో మొలచు అడవివరి. దాని గింజలు పండినంతనే రాలి బురదలో పడి, గాఢమైన నిద్రలో నుండి, అన్నియు ఒక్కమారు మేల్కొనక, కొన్ని ఈ యేడు, కొన్ని పైయేడు, మరికొన్ని ఆపై యేట మొలచును. ఒక యేడు కరవు వచ్చినను జాతి నశింపదు. మనుష్యుడు వరిని చేరదీసి, చల్లిననాడే ఏకముగ మొలవవలెనని కోరి, వేలయేండ్లు ఏరి ఏరి ఆ నిద్రను పలుచన చేసెను. 2010లో జపాను శాస్త్రజ్ఞులు వరిలో ఈ నిద్రను శాసించు జన్యువులలో ముఖ్యమైన యొకదానిని పట్టుకొనిరి. అబ్సిసిక్ ఆమ్లము గింజను నిద్రపుచ్చుననియు, గిబ్బరెల్లినులు మేల్కొలుపుననియు అంతకు ముందే తెలిసినదే. ఆ గిబ్బరెల్లినుల కథయు వరిచేనిలోనే పుట్టినది: వరిమొక్కను వెర్రిపొడవుగ సాగదీయు బూజుతెగులును పరిశీలించి, ఆ బూజు స్రవించు ద్రవ్యమే దానికి కారణమని కురోసావా తైవానులో కనుగొనినది 1926లో, మారుటేరు స్థానము వెలసిన మరుసటి యేడు.

నిద్రను గూర్చి పరిశోధించువారికి ఓర్పు గురువు. అమెరికాలోని మిచిగన్‌లో విలియం బీల్ అను ఆచార్యుడు 1879లో ఇరువది సీసాలలో ఇసుకతో కలిపి కలుపుమొక్కల విత్తనములు నింపి భూమిలో పాతిపెట్టించి, నిర్ణీత కాలమున కొకటి చొప్పున త్రవ్వి మొలకను చూడవలెనని ఏర్పాటు చేసెను. ఆయన గతించి శతాబ్దము గావచ్చినను, పరంపరగ వచ్చిన శిష్యులు 2021లో ఒక సీసాను రాత్రివేళ, వెలుతురు తగులకుండ, త్రవ్వి తీసిరి. అందు కొన్ని విత్తనములు మొలచినవి. తరువాతి సీసాకు గడువు 2040. ఈ సంగతి భోజనముచేయునపుడు చెప్పగా మా మేనకోడలు అన్నము కలుపుట మాని వినెను. రెండు మాసముల శిక్షణలో తనకు లభించునది ఒక రకమునకు కొద్ది వారముల లెక్క మాత్రమేయని ఆమెకు లోలోపల దిగులు. హైదరాబాదు పోయిన స్నేహితురాలు జన్యువుల వరుసలు చదువుచున్నదని, తాను గింజలు లెక్కించుచున్నానని ఒక మాట అనినది కూడ.

నేనామెకు చెప్పిన మాటను ఇచ్చటను చెప్పుదును. హైదరాబాదులో జరుగునది తక్కువది కాదు. సాంబమసూరికి ఎండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చి 2008లో మేలైన రకమును వెలువరించినది అచ్చటి శాస్త్రజ్ఞులే. అయినను, ఆ జన్యువులను చేర్చుటకు తగిన సాంబమసూరిని మునుపు బాపట్ల మడులలో ఎవ్వరో గింజగింజగ చూచి ఎన్నుకొనిరి. స్వర్ణ సంగతియు అట్టిదే. ఒడిశా దేశపు వరి యొకటి నీట మునిగినపుడు, తక్కిన వరులవలె పైకి రావలెనని పెనుగులాడి బలము పోగొట్టుకొనక, ఎదుగుట మాని, ఉన్న శక్తిని దాచుకొని, రెండు వారములవరకు ఊరకుండి, నీరు తీసిన పిదప మరల చిగుర్చును. ఆ గుణమునకు మూలమైన జన్యువును 2006లో కనుగొని, దానిని స్వర్ణలోనికి తెచ్చి, 2009లో మన దేశమున విడుదల చేసిరి. వరద సీమల రైతులకు అది ప్రాణమిచ్చినది. స్వర్ణయే లేకున్న దేనిలోనికి తెచ్చెడివారు? లెక్కించువాడు లేనిదే చదువువానికి పుస్తకము లేదు. నగరములలోని ప్రయోగశాలలకు పంపినట్లే, మన విద్యార్థులను వేసవివేసవికి మారుటేరుకు, అంబాజీపేట కొబ్బరి పరిశోధనా స్థానమునకు, బాపట్లకు పంపవలెననియు, అందుకు తగిన భృతియు, ఆడపిల్లలకు వసతియు ఏర్పరుపవలెననియు నేను మనసార కోరుచున్నాను.

మధ్యాహ్నము ఒక వృద్ధరైతు కండువాలో మూటగట్టిన విత్తనముతో స్థానమునకు వచ్చెను. ఇంట తడిగోనెలో చుట్టి చూచినాననియు, సగము మొలవలేదనియు, విత్తనము పోయినదేమోయని కోడలు పోరుచున్నదనియు చెప్పెను. శాస్త్రజ్ఞులొకరు రకమేదో, కోసినదెన్నడో అడిగి, గింజ చెడలేదని తేల్చి, ఉపాయము చెప్పిరి: లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్లు, నిద్ర ఎక్కువయైనచో 10 మిల్లీలీటర్లు గాఢ నత్రికామ్లము కలిపి, అందు ఒక రోజు నానబెట్టి, మంచినీట బాగుగ కడిగి, ఆపై మండెకట్టవలెను. ప్రయోగశాలలోనైతే ఏబది డిగ్రీల పొడివేడిలో ఐదురోజులుంచియు మేల్కొలుపవచ్చును. రైతింట ఆ పెట్టె యెక్కడిది? ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదని, పిల్లలను దగ్గరకు రానీయరాదని మా మేనకోడలు రెండుమారులు చెప్పి, ఆయన చేత తిరుగ చెప్పించుకొనెను. ఆయన, "ఆయ్, అలాగేనమ్మా" అని, వెళ్ళుచు వెళ్ళుచు బల్లపైనున్న ఎర్రని పిండములను చూచి ఆగెను. అవేమియో ఆమె వివరింపగా, కటకమును కంటికి దగ్గరగ, దూరముగ జరుపుకొని చాలసేపు చూచి, "ఇన్నేళ్ళు పండించాను గానీ, లోపల ఇలాగుంటాదని ఎవరూ చూపించలేదమ్మా" అనెను.

మిగిలిన దినములలో నేనామెకు సంచులు మోయు సహాయకుడనైతిని. స్థానములో పండిన విత్తనముతోడనే తృప్తిపడక, ఒకే రకమును వేరువేరు ఊళ్ళలో, వేరువేరు తేదీలలో కోసిన రైతులనుండి పిడికెడు పిడికెడు సేకరించి పోల్చవలెనని ఆమెకు తోచినది. పై అధికారులును ఒప్పుకొనిరి. పెనుమంట్ర, పోడూరు, ఆచంట వైపు గ్రామములకు ఆటోలో తిరిగితిమి. ప్రతి ఇంటను ముందు మజ్జిగ, ఆపైన మాట. వెన్నుతీసినదెప్పుడు, కోసినదెప్పుడు, యంత్రముతోనా చేతితోనా, కళ్ళమున ఆరినదెన్నాళ్ళు, సంచి నేలపై నుంచిరా బల్లపై నుంచిరా యని ఆమె యడుగును. వారు సంవత్సరపు పంచాంగమును అప్పజెప్పినట్లు చెప్పుదురు. తేదీ గుర్తులేనివారు పండుగను, ఇంటి పెండ్లిని ఆనవాలుగ చెప్పగా, ఆమె వానిని తేదీలుగ మార్చి వ్రాసికొనెను.

తుదకు చేరిన యింటి యజమాని, నమూనా యిచ్చిన పిదప, దీనివలన తమకు తెలియునదేమని సూటిగ ప్రశ్నించెను. ఇదే చేనిలో ఇదే రకము సార్వాలో పండినప్పుడు ఎంత నిద్రించునో కూడ చూచినగాని పోలిక పూర్తికాదని, కార్తికమున సెలవు దొరికినచో మరల వచ్చి గింజ తీసికొందునని, రెండు లెక్కలును ఆయనకు తెలుపుదునని ఆమె చెప్పెను. ఆయన ఒక్కక్షణము లెక్కవేసికొని, "రండమ్మా, తప్పకుండా రండి. కానీ తుపానుకి ముందే రండి, గాలి లేచాక మాకు మాటాడటానికి ఖాళీ ఉండదు" అనెను. ఆమె సంచిపై చీటీ కట్టి, చీటీ వెనుక ఆ మాటను కూడ వ్రాసికొనెను.